ఒక్క ఉదాహరణ చాలు: గణితంలో ప్రత్యుదాహరణ చేసే పని

31, 331, 3331, 33331, 333331, 3333331, 33333331. ఈ ఏడూ ప్రధాన సంఖ్యలే. 1 కాక, తమను తాము కాక మరే సంఖ్యా వీటిని నిశ్శేషంగా భాగించదు. ఏడుసార్లు వరసగా కుదిరాక ఎనిమిదోసారి కూడా కుదురుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ 333333331 = 17 × 19607843. "1కి ముందు ఎన్ని 3లు చేర్చినా వచ్చేది ప్రధాన సంఖ్యే" అన్న మాట ఈ ఒక్క లెక్కతో పోయింది. అంతకు ముందు కుదిరిన ఏడూ కలిసి వచ్చినా దాన్ని నిలబెట్టలేవు.

ఒక సాధారణ ప్రవచనాన్ని ఇలా పడగొట్టే ఉదాహరణను ప్రత్యుదాహరణ అంటారు. ప్రయోగశాలలో ఒక కొలత లెక్కకు రాకపోతే ముందు పరికరాన్ని అనుమానిస్తారు, మళ్లీ కొలుస్తారు, ఒకటీ అరా తేడాలను పక్కన పెడతారు. గణితంలో ఆ వెసులుబాటు లేదు. "ప్రతి" అని అన్నాక ఒక్కటి తప్పినా ఆ ప్రవచనం తప్పే; "దాదాపు ఎప్పుడూ నిజం" అన్నది వేరే ప్రవచనం, దానికి వేరే నిరూపణ కావాలి.

పాఠాల్లో ప్రత్యుదాహరణ కథ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది: ప్రవచనం తప్పు, కొట్టేయండి, ముందుకు వెళ్లండి. దాంతో అసలు సంగతి చేజారుతుంది. మంచి ప్రత్యుదాహరణ ప్రవచనంలో ఏ షరతు లోపించిందో, నిరూపణలో ఏ మెట్టు విరిగిందో వేలు పెట్టి చూపిస్తుంది. గణితంలో కొన్ని ముఖ్యమైన భావనలు పుట్టింది అలా విరిగిన చోటే.

ఏది ప్రత్యుదాహరణ, ఏది కాదు

"ఒక చతుర్భుజంలో కర్ణాలు పరస్పరం లంబంగా ఖండించుకుంటే అది సమచతుర్భుజం." ఈ వాక్యంలో "ప్రతి" అన్న మాట పైకి కనబడదు గానీ లోపల ఉంది, కర్ణాలు అలా ఉన్న ప్రతి చతుర్భుజం గురించీ ఇది మాట్లాడుతోంది. దీన్ని కాదనాలంటే రెండు పనులు చేసే ఒక్క ఆకారం కావాలి. అది షరతును పాటించాలి, ఫలితాన్ని తప్పాలి. గాలిపటం ఆకారంలో ఉండే చతుర్భుజం ఆ రెండూ చేస్తుంది. కర్ణాలు లంబంగానే ఉంటాయి, నాలుగు భుజాలు మాత్రం సమానం కావు.

ఈ రెంటిలో మొదటిది మర్చిపోవడం చాలా మామూలు. "4తో భాగించబడే ప్రతి సంఖ్యా 8తో కూడా భాగించబడుతుంది" అన్నదానికి 10ని ప్రత్యుదాహరణగా చూపిస్తే కుదరదు. 10 అసలు 4తోనే భాగించబడదు కాబట్టి దాని గురించి ఆ వాక్యం ఏమీ అనలేదు. 16 చూపిస్తే అది వాక్యానికే వంత పాడుతుంది. 12 చూపించాలి.

దిశ తారుమారు కావడం ఇంకో పొరపాటు. అవకలనీయమైన ప్రతి ప్రమేయం అవిచ్ఛిన్నం అన్నది సిద్ధాంతం. సంఖ్యకు దాని పరమ మూల్యాన్ని ఇచ్చే ప్రమేయం 0 దగ్గర తెగదు గానీ పదునుగా విరుగుతుంది, అంటే అక్కడ అవిచ్ఛిన్నమే గానీ అవకలనీయం కాదు. ఇది సిద్ధాంతానికి ఏ హానీ చేయదు. అది పడగొట్టేది సిద్ధాంతపు విపర్యయాన్ని, అంటే "అవిచ్ఛిన్నమైతే అవకలనీయం" అన్నదాన్ని. పరీక్ష పేపర్లో టెన్షన్‌లో ఈ రెంటినీ కలిపేసేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇక "ఉంది" అనే ప్రవచనాల మీద ప్రత్యుదాహరణ పని చేయదు. తన కంటే చిన్న భాజకాలన్నీ కలిపితే తానే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు; 6 = 1 + 2 + 3 అలాంటిదే. "బేసి పరిపూర్ణ సంఖ్య ఒకటైనా ఉంది" అన్నదాన్ని కాదనాలంటే 15 పరిపూర్ణం కాదు, 21 కాదు అంటూ పోతే ఎప్పటికీ తెమలదు. బేసి సంఖ్యలన్నిటినీ ఒకేసారి తోసిపుచ్చే నిరూపణ కావాలి. అది ఇంకా ఎవరి దగ్గరా లేదు.

ఎక్కడ వెతకాలన్నదానికి బడి స్థాయిలో ఒక చిట్కా దాదాపు ఎప్పుడూ పనికొస్తుంది: మనసుకు ముందుగా తట్టని సంఖ్యల దగ్గరికి వెళ్లడం. "వర్గం చేస్తే సంఖ్య పెరుగుతుంది" అన్నది 1/2 దగ్గర ఆగిపోతుంది. "వర్గం చేసి వర్గమూలం తీస్తే మొదటి సంఖ్యే వస్తుంది" అన్నది −3 దగ్గర. "రెండు కరణీయ సంఖ్యల లబ్ధం కరణీయమే" అన్నదానికి √2ను √2తో గుణిస్తే సరి (పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది కరణీయం, రాయగలిగేది అకరణీయం). సున్నా, ఒకటి, ఋణ సంఖ్యలు, భిన్నాలు, ఒకే సంఖ్యను రెండుసార్లు వాడటం, ఇవి చూశాకే పెద్ద సంఖ్యల జోలికి వెళ్లాలి.

మొదటి కొన్ని సంఖ్యలు ఎందుకు నమ్మిస్తాయి

ఒక వృత్తం మీద కొన్ని బిందువులు పెట్టి, ప్రతి రెంటినీ సరళరేఖతో కలపండి. లోపల మూడు రేఖలు ఒకే చోట కలవకుండా చూసుకోండి. వృత్తం ఎన్ని ముక్కలవుతుంది? ఒక బిందువుకు 1, రెంటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరింటికి 32 అని చెప్పని వాళ్లు అరుదు. గీసి లెక్కపెడితే 31 వస్తుంది. ఇంకోసారి లెక్కపెట్టినా 31 దగ్గరే ఆగుతుంది.

దీన్ని "సరదా లెక్క" అని వదిలేయడం అన్యాయం. ముక్కలు ఎలా పుడతాయో చూస్తే అంతా తేటపడుతుంది. మొదట వృత్తం ఒకే ముక్క. కొత్తగా గీసే ప్రతి రేఖా ఒక ముక్కను పెంచుతుంది; అది అప్పటికే ఉన్న రేఖలను దాటే ప్రతి చోటా ఇంకో ముక్క పెరుగుతుంది. కాబట్టి మొత్తం ముక్కలు = 1 + రేఖల సంఖ్య + ఖండన బిందువుల సంఖ్య. ఆరు బిందువుల్లో రెండేసి ఎంచుకోవడానికి 15 దారులున్నాయి, అంటే 15 రేఖలు. ప్రతి ఖండన బిందువునూ వృత్తం మీది నాలుగు బిందువులు నిర్ణయిస్తాయి; ఆరింట్లో నాలుగు ఎంచుకోవడానికీ 15 దారులే. 1 + 15 + 15 = 31.

మరి ఐదు దాకా 2 ఘాతాలు ఎందుకు వచ్చినట్టు? పాస్కల్ త్రిభుజంలో (పై వరసలో పక్కపక్కనున్న రెండేసి సంఖ్యలను కూడి కింది వరస కట్టే అమరికలో) ఒక్కో వరస మొత్తం 2 ఘాతం అవుతుంది: 1, 4, 6, 4, 1 కూడితే 16, తర్వాతి వరస 1, 5, 10, 10, 5, 1 కూడితే 32. పైన చెప్పిన ముక్కల లెక్కను సర్దితే, అది ఈ వరసల్లో మొదటి ఐదు అంకెల మొత్తమే అవుతుంది. ఐదు బిందువుల దాకా వరసలో ఐదుకు మించి అంకెలు లేవు, అందుకే మొత్తం వరస లెక్కలోకి వచ్చింది. ఆరో బిందువు దగ్గర వరసలో ఆరో అంకె పుట్టింది, అది 1, అది లెక్కలోకి రాలేదు. 32లో తగ్గిన ఒకటి అదే. తమాషా ఏమిటంటే పది బిందువుల దగ్గర ముక్కలు 256, మళ్లీ 2 ఘాతమే. ఈసారి అది ఉత్త యాదృచ్ఛికం. ప్రత్యుదాహరణ కనబడ్డాక "ఎందుకు తప్పింది" అని అడిగినందుకే సరైన సూత్రం చేతికొచ్చింది.

1772లో ఆయిలర్ చూపించిన సూత్రం ఇంకా ఎక్కువ దూరం నమ్మిస్తుంది. ఏదైనా సంఖ్యను దాని తర్వాతి సంఖ్యతో గుణించి 41 కలపండి. 0 నుంచి మొదలుపెడితే 41, 43, 47, 53, 61... ఇలా 39 దాకా నలభై సార్లూ ప్రధాన సంఖ్యలే వస్తాయి. 40 దగ్గర 40 × 41 + 41 వస్తుంది. గుణించి చూడనవసరం లేదు, అది 41 × 41 అని కంటికే కనబడుతోంది. పూర్ణాంక గుణకాలున్న ఏ బహుపదికైనా ఈ గతి తప్పదు. 0 దగ్గర విలువ 41 అయితే 41, 82, 123ల దగ్గర విలువలు కూడా 41తో భాగించబడి తీరాలి. కాబట్టి స్థిరాంకం కాని ఏ బహుపదీ ఎల్లప్పుడూ ప్రధాన సంఖ్యలే ఇవ్వలేదు. ఒక్క ప్రత్యుదాహరణను దగ్గరగా చూస్తే ఆ కోవకు చెందిన ప్రవచనాలన్నీ ఒకేసారి కూలిపోయాయి. (మొదటి నలభై మాత్రం అదృష్టం కాదు. 4 × 41 − 1 = 163 అనే సంఖ్యకు ఉన్న ఒక లోతైన లక్షణం దాని వెనక ఉంది. అది వేరే కథ.)

గుడ్డిగా వెతికితే దొరకదు

1640 ప్రాంతంలో ఫెర్మా 3, 5, 17, 257, 65537 అనే వరసను చూశాడు. 2ను 1, 2, 4, 8, 16 ఘాతాలకు పెంచి ఒకటి కలిపితే వచ్చేవి ఇవి. ఐదూ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఆ తర్వాతివి కూడా ప్రధాన సంఖ్యలే అని ఆయన గట్టిగా నమ్మాడు. తర్వాతిది 2³² + 1, అంటే 4294967297. చేత్తో లెక్కలు చేసే కాలంలో పదంకెల సంఖ్యకు కారణాంకం వెతకడమంటే మాటలు కాదు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417 అని విడగొట్టాడు.

641 ఎలా తట్టింది? ఇలాంటి సంఖ్యకు ఉండే ప్రతి ప్రధాన కారణాంకాన్నీ 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలరే తర్వాత ప్రచురించిన నిరూపణలో చూపించాడు. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. అంటే వేలకొద్దీ భాగహారాలు అక్కర్లేదు, ఐదో ప్రయత్నంలో దొరుకుతుంది.

దొరికాక సరిచూడటం ఇంకా తేలిక. 641 = 5 × 128 + 1, అంటే 5 × 2⁷ + 1. అదే 641 = 625 + 16, అంటే 5⁴ + 2⁴. మొదటిదాని ప్రకారం 641తో భాగించినప్పుడు 5 × 2⁷ శేషం −1తో సమానం. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ వాడొచ్చు. అలా మారిస్తే −2³² శేషం 1 అవుతుంది. అంటే 2³² + 1ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది. పదంకెల సంఖ్యను ఒక్కసారి కూడా రాయకుండానే పని అయిపోయింది. ఫెర్మా వరసలో ఆ మొదటి ఐదు కాకుండా మరో ప్రధాన సంఖ్య ఈ రోజుకీ దొరకలేదు.

కంప్యూటర్ ఉంటే ఈ తెలివి అక్కర్లేదు కదా అనిపిస్తుంది. ఒక సంఖ్య 17వ ఘాతానికి 9 కలపండి. దాని తర్వాతి సంఖ్య 17వ ఘాతానికీ 9 కలపండి. ఈ రెంటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదని చూసిన చోటల్లా కనబడుతుంది. అది మొదటిసారి తప్పేది 52 అంకెల సంఖ్య దగ్గర. ఒకటి నుంచి మొదలుపెట్టి వరసగా పోతే ప్రపంచంలోని యంత్రాలన్నీ కలిసినా అక్కడికి చేరవు. బీజగణితంతో పోతే ఒక ల్యాప్‌టాప్ చాలు.

ఫెర్మాను దిద్దిన ఆయిలర్ కూడా ఈ దెబ్బ తప్పించుకోలేదు. మూడు ఘనాల కంటే తక్కువ కలిపితే ఘనం రాదు కాబట్టి, నాలుగో ఘాతం రావాలంటే నాలుగు నాలుగో ఘాతాలైనా, ఐదో ఘాతానికి ఐదైనా కలపాలని 1769లో ఊహించాడు. రెండు శతాబ్దాలు అది నిలిచింది. 1966లో లాండర్, పార్కిన్ అనే ఇద్దరు సీడీసీ 6600 కంప్యూటర్ మీద వెతికి ఒక్క సమీకరణం ఇచ్చారు: 27⁵ + 84⁵ + 110⁵ + 133⁵ = 144⁵. రెండు వైపులా 61917364224. నాలుగే ఐదో ఘాతాలు. వాళ్ల పరిశోధన పత్రంలో రెండే వాక్యాలున్నాయి, అంతకు మించి చెప్పాల్సిందీ లేదు. నాలుగో ఘాతాల సంగతి మాత్రం మొరటు వెతుకులాటకు లొంగలేదు. 1988లో ఎల్కీస్ దీర్ఘవృత్తీయ వక్రాల సిద్ధాంతాన్ని వాడి ఏడు, ఎనిమిది అంకెల సంఖ్యలతో ఒక ప్రత్యుదాహరణ కట్టాడు. దారి తెలిశాక రోజర్ ఫ్రై కంప్యూటర్‌తో అన్నిటికంటే చిన్నదాన్ని పట్టుకున్నాడు: 95800⁴ + 217519⁴ + 414560⁴ = 422481⁴.

ఆయిలర్ 1782 నాటి ఊహ ఇంకా ఘోరంగా తప్పింది. ఆరు దళాల నుంచి ఆరేసి హోదాల వాళ్లను, మొత్తం 36 మంది అధికారులను 6 × 6 చదరంలో నిలబెట్టాలి. ప్రతి అడ్డువరసలో, నిలువువరసలో ప్రతి దళమూ ప్రతి హోదా ఒక్కోసారే రావాలి. ఎంత ప్రయత్నించినా కుదరలేదు. 2 × 2 కూడా కుదరదు. 4తో భాగిస్తే 2 మిగిలే పరిమాణాలు, అంటే 6, 10, 14, 18... ఏవీ కుదరవని ఆయన నిర్ణయించుకున్నాడు. 1901లో టారీ ఓపిగ్గా అన్ని రకాలూ పరీక్షించి 6 నిజంగానే అసాధ్యమని తేల్చేసరికి ఊహకు బలం వచ్చినట్టయింది. 1959లో ఆర్.సి. బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే 22 × 22 చదరం కట్టారు, ఈ.టీ. పార్కర్ 10 × 10 కట్టాడు. తర్వాత ముగ్గురూ కలిసి 6 కంటే పెద్దవన్నీ సాధ్యమేనని నిరూపించారు. ఆ ఏప్రిల్‌లో ఈ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది. అనంతంగా ఉన్న పరిమాణాల్లో ఆయిలర్ ఊహ నిజమైంది 2, 6 దగ్గర మాత్రమే. పరీక్షించడానికి చేతికందిన రెండూ అవే కావడం అతని దురదృష్టం.

ఉందని తెలుసు, ఎక్కడో తెలియదు

ప్రత్యుదాహరణ అంటే చూపించగలిగే వస్తువు అనుకుంటాం. అది చేతిలో లేకుండానే ప్రవచనం తప్పని తేలిపోవచ్చు. "కరణీయ సంఖ్యను కరణీయ ఘాతానికి పెంచితే కరణీయమే వస్తుంది" అన్నదాన్ని చూడండి. √2ను √2 ఘాతానికి పెంచండి. వచ్చింది అకరణీయమైతే ప్రవచనం అక్కడే పోయింది. కరణీయమైతే, దాన్ని మళ్లీ √2 ఘాతానికి పెంచండి. ఘాతాలు గుణించుకొని √2 వర్గం, అంటే 2 వస్తుంది. అప్పుడూ పోయింది. రెంటిలో ఏది ప్రత్యుదాహరణో చెప్పకుండానే వాదన పూర్తయింది. (మొదటిది కరణీయమేనని 1930ల్లో తేలింది, కాబట్టి ప్రత్యుదాహరణ రెండోదే.)

పోల్యా ఊహకు కూడా ఇలాగే జరిగింది. 10 = 2 × 5లో రెండు ప్రధాన కారణాంకాలు, 12 = 2 × 2 × 3లో మూడు. 2 నుంచి పైకి ఏ సంఖ్య దాకా లెక్కపెట్టినా, కారణాంకాలు బేసి సంఖ్యలో ఉన్నవి, సరి సంఖ్యలో ఉన్నవాటికంటే తక్కువ కావని 1919లో పోల్యా ఊహించాడు (1ని సరి వైపు వేసుకోవాలి). 1958లో హేసల్‌గ్రోవ్ ఇది ఎక్కడో తప్పుతుందని నిరూపించాడు, ఆ "ఎక్కడో" ఏమిటో చెప్పకుండానే. మొట్టమొదట తప్పే సంఖ్యను 1980లో తనాకా కనుక్కున్నాడు: 90,61,50,257. అంటే 90 కోట్ల పైచిలుకు సంఖ్యలు వరసగా "అవును, నిజమే" అన్నాక ఒకటి కాదంది. దీనికి దగ్గరి చుట్టమైన మెర్టెన్స్ ఊహ 1897 నాటిది. 1985లో ఒడ్లిజ్కో, టె రీల అది తప్పని నిరూపించారు. ఆ ఊహను తప్పే నిర్దిష్టమైన సంఖ్య మాత్రం ఇప్పటికీ ఎవరి చేతికీ రాలేదు.

ప్రతి సరి సంఖ్యా (2 తప్ప) రెండు ప్రధాన సంఖ్యల మొత్తమే అనే గోల్డ్‌బాక్ ఊహను 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దూరం దాకా పరీక్షించారు. పోల్యా కథ చదివాక ఆ అంకె చూసి ఎంత ధీమా పడాలన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. అయితే గోల్డ్‌బాక్ తప్పయితే కనీసం ఒక సంఖ్య దొరుకుతుంది, దాన్ని సరిచూడొచ్చు. "2 తేడాతో ఉండే ప్రధాన సంఖ్యల జతలు అనంతం" అన్న ఊహకు అదీ లేదు. ఏ ఒక్క సంఖ్యా దాన్ని పడగొట్టలేదు. కొలాట్జ్ ఊహ సంగతి ఇంకా చిత్రం. సరి అయితే సగం చేయడం, బేసి అయితే మూడింతలు చేసి ఒకటి కలపడం. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి 1 వస్తుందని ఊహ. దీన్ని తప్పే సంఖ్య ఏదో చక్రంలో చిక్కుకుంటే చక్రాన్ని చూపించి నిరూపించొచ్చు. కానీ అది ఎప్పటికీ పెరుగుతూ పోయేదైతే, ఆ సంఖ్య మన కళ్లముందే ఉన్నా అది ప్రత్యుదాహరణ అని ఎన్ని మెట్లు లెక్కించినా తెలియదు. దానికీ మళ్లీ నిరూపణే కావాలి.

విరిగిన చోట అతకడం

ప్రత్యుదాహరణ ఎదురైనప్పుడు చేయకూడని పనులు రెండున్నాయి. ఒకటి, "ఇది అసలు లెక్కలోకి రాదు" అని దాన్ని బయటికి నెట్టడం. రెండోది, ప్రవచనాన్ని మొత్తంగా పారేయడం. బహుముఖుల గురించి ఆయిలర్ సూత్రానికి ఈ రెండు ప్రమాదాలూ ఎదురయ్యాయి. శీర్షాల సంఖ్య నుంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 2 రావాలి. ఘనానికి 8 − 12 + 6 = 2.

ఇప్పుడు ఫొటో ఫ్రేము లాంటి ఆకారం తీసుకోండి: నాలుగు చెక్కలు, మూలల్లో ఏటవాలుగా కోసి అతికించినవి. శీర్షాలు 16, అంచులు 32, ముఖాలు 16. మొత్తం 0. లోపల ఘనాకారపు బోలు ఉన్న ఘనం తీసుకుంటే 16 − 24 + 12 = 4. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో లుయిలియే, ఆ తర్వాత హెస్సెల్ ఇలాంటివి ముందుకు తెచ్చారు. "ఇవి నిజమైన బహుముఖులు కావు" అనడం తేలిక. కుంభాకార (ఎక్కడా లోపలికి గుంట పడని) బహుముఖులకే సూత్రం పరిమితం అనడం కూడా తేలికే, అది నిజం కూడా. కానీ అలా అంటే సూత్రం పని చేసే ఎన్నో ఆకారాలు అనవసరంగా బయట పడతాయి. ఫ్రేములో 2 ఎందుకు పోయిందని అడిగితే జవాబు దాని నడుమనున్న రంధ్రం దగ్గర ఉంది. ఆకారాన్ని దాటిపోయే ఒక్కో రంధ్రానికీ 2 తగ్గుతుంది: ఒక రంధ్రానికి 0, రెంటికి −2. ఇలా ప్రత్యుదాహరణలన్నీ ఒక పెద్ద సూత్రంలో ఉదాహరణలైపోయాయి, ఆకారాలను సాగదీసినా వంచినా మారని లక్షణాలను చదివే టోపాలజీ మొదలైన చోట్లలో ఇదొకటి.

ఒక చిన్న కొసరు. అదే ఫ్రేముకు మూలల్లో ఏటవాలు గీతలు లేవనుకోండి, పైముఖం ఒకే చదునైన వలయం. అప్పుడు శీర్షాలు 16, అంచులు 24, ముఖాలు 10. మొత్తం 2! రంధ్రమున్నా సూత్రం నిలిచినట్టు కనిపిస్తుంది. కారణం, ఇక్కడ పైముఖానికీ అడుగుముఖానికీ కూడా రంధ్రాలున్నాయి. ఒక లోపం ఇంకో లోపాన్ని కప్పేసింది. ఉదాహరణ కుదిరినంత మాత్రాన సంబరపడకూడదనడానికి ఇంతకంటే చక్కని ఆకారం దొరకడం కష్టం.

కోషీ సంగతి దీనికంటే లోతైనది. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరించి ఒక మొత్తానికి చేరితే ఆ మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని 1821లో ఆయన నిరూపణతో సహా ప్రకటించాడు. 1826లో ఏబెల్ ఒక సైన్ శ్రేణిని చూపించి, ఈ సిద్ధాంతానికి మినహాయింపులున్నట్టు తోస్తోందని మర్యాదగా రాశాడు. ఆ శ్రేణిలో ఒక్కో పదమూ అవిచ్ఛిన్నమే, మొత్తం మాత్రం కొన్ని చోట్ల దూకుతుంది. దాదాపు ఇరవై ఏళ్లు ఈ సిద్ధాంతమూ దాని ప్రత్యుదాహరణా పక్కపక్కనే బతికాయి. నిరూపణలో ఏ మెట్టు విరిగిందో ఎవరూ చెప్పలేకపోవడమే దానికి కారణం.

ఆ మెట్టును ఇంకా తేలికైన ఉదాహరణలో చూడొచ్చు. 0 నుంచి 1 దాకా ఉన్న సంఖ్యలను తీసుకొని వాటి వర్గం, ఘనం, నాలుగో ఘాతం... ఇలా పోతూ ఉండండి. ఒక్కో ఘాతపు గ్రాఫూ అవిచ్ఛిన్నమే. 1 కంటే చిన్న సంఖ్య ఏదైనా ఘాతం పెరిగేకొద్దీ 0 వైపు జారుతుంది. 1 మాత్రం 1గానే ఉంటుంది. చివరికి మిగిలే ప్రమేయం అంతటా 0గా ఉండి 1 దగ్గర ఒక్కసారి పైకి దూకుతుంది. (ఒక్కో ఘాతానికీ దాని ముందుదానికీ ఉన్న తేడాలను కూడితే ఇదే ఒక శ్రేణి మొత్తం అవుతుంది.) ఇప్పుడు ఎంత వేగంగా జారుతున్నాయో చూడండి. విలువ 0.01 కంటే తగ్గాలంటే 0.9కి 44వ ఘాతం చాలు. 0.99కి 459 కావాలి. 0.999కి 4603. 1కి దగ్గరయ్యేకొద్దీ ఇది హద్దు లేకుండా పెరుగుతుంది, అందరికీ సరిపోయే ఒకే ఘాతం లేనే లేదు. కోషీ నిరూపణ మాత్రం అందరికీ ఒకే సంఖ్య సరిపోతుందని చెప్పకుండానే వాడేసుకుంది.

1840ల చివర్లో స్టోక్స్, సైడెల్ విడివిడిగా ఈ తేడాను పట్టుకున్నారు. 1853లో కోషీ కూడా తన సిద్ధాంతాన్ని సవరించుకున్నాడు. అందరికీ ఒకే సంఖ్య సరిపోయేలా జరిగే అభిసరణను ఈ రోజు ఏకరూప అభిసరణ అంటారు. ఆ షరతు చేరిస్తే కోషీ నిరూపణ దాదాపు అక్షరం మారకుండా నిలబడుతుంది. డిగ్రీ విద్యార్థులను ఈ భావన బాగా తిప్పలు పెడుతుంది. నిర్వచనంతో మొదలుపెట్టి ప్రత్యుదాహరణను చివర్లో ఎక్కడో చూపించే పద్ధతికి ఇందులో పెద్ద వాటానే ఉంది. ముందు 44, 459, 4603 చూపిస్తే నిర్వచనం తనంతట తానే అవసరమనిపిస్తుంది.

ఇప్పుడు వేటకు యంత్రాలూ వచ్చాయి. 2021లో ఆడమ్ జోల్ట్ వాగ్నర్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ పద్ధతిలో ఒక ప్రోగ్రామ్‌కు గ్రాఫులు (ఇక్కడ గ్రాఫు అంటే కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు) కట్టడం నేర్పాడు. ఊహను ఎంత దగ్గరగా ఉల్లంఘిస్తే అంత మార్కు, అదొక్కటే నియమం. గ్రాఫ్ సిద్ధాంతంలో చాలా ఏళ్లుగా నిలిచిన కొన్ని ఊహలు అలా పడిపోయాయి. వాటిలో ఒకదాని విషయంలో మాత్రం యంత్రం కట్టిన గ్రాఫు ఊహను తప్పేంతవరకు వెళ్లలేక, అంచుదాకా వచ్చి ఆగింది. కానీ దానికి ఒక స్పష్టమైన ఆకారం ఉంది. ఆ ఆకారాన్నే చూసి, అదే పద్ధతిలో యంత్రం అందుకోలేనంత పెద్ద గ్రాఫును వాగ్నర్ కట్టి లెక్కవేశాడు. ఊహ అక్కడ తప్పింది.